పాతబస్తీ నుండి ఇంజనీరింగు తరగతికి

వర్షాకాలము నడుమ, కళాశాలలు తెరచు దినములలో, మదీనా కూడలి నుండి నయాపూల్ మీదుగా పోవు బస్సులలో కొందరు విద్యార్థుల చంకలలో డ్రాయింగు కాగితపు చుట్టలును, చేతులలో టీ-స్క్వేర్లును కనిపించుచుండును. వారు ఇంజనీరింగు మొదటి సంవత్సరమున చేరినవారని వేరుగ చెప్పనక్కరలేదు. ఈ దృశ్యము నేడు ఎవరికిని వింత గాదు. కాని నూరేండ్ల క్రిందట మూసీకి దక్షిణపు టొడ్డున పుట్టిన పిల్లవానికి, తన ఊరనే ఉండి ఇంజనీరింగు పట్టము పొందు దారి లేకుండెను. ఆ దారి ఎట్లు ఏర్పడినది, ఏ భాషలో ఏర్పడినది అను విషయమును ఈ ప్రసంగమున శ్రోతల ముందుంచుచున్నాము.

యంత్రశాస్త్రమునకు పాతబస్తీ మొదటినుండియు పరాయిచోటని తలచుట సరికాదు. పైగా వంశపు ప్రభువైన నవాబు ఫక్రుద్దీన్ ఖాన్, షమ్సుల్ ఉమ్రా బిరుదాంకితుడు, పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధముననే అచ్చట ఒక మదరసాను, దానితోపాటు ఒక శిలాముద్రణాలయమును నెలకొల్పెను. 1840 ప్రాంతమున ‘సిత్తా-ఎ-షమ్సియా’ అను పేర ఆరు చిన్న శాస్త్రగ్రంథములు ఆయన పూనికతో ఇంగ్లీషు నుండి ఉర్దూలోనికి వచ్చినవి. యంత్రశాస్త్రము, ఖగోళము, జలము, వాయువు, దృష్టి, విద్యుత్తు అనునవి వాని విషయములు. అందు యంత్రశాస్త్రమునకు పెట్టిన పేరు ‘జర్-ఎ-సఖీల్’. అనగా బరువును లాగుట. శాస్త్రము పేరు వినగానే అది చేయు పని కంటికి కట్టునట్టి మాట యిది. కప్పీలు, తులాదండములు, వాలుబల్లలు ఏ దేశమున పుట్టినను అవి చేయునది బరువు లాగుటయే కదా!

అయినను ఆ మదరసా ఒక ప్రభువు అభిరుచికి ఫలము. ప్రభుత్వపు విద్యావిధానము గాదు. 1846లో స్థాపింపబడిన హైదరాబాదు వైద్యపాఠశాలలో పాఠములు ఉర్దూలోనే సాగెను. తరువాత అచ్చట ఇంగ్లీషు ప్రవేశించెను. దేశభాషలో శాస్త్రము చెప్పుట, మానుట, మరల చెప్పుట అను ఊగిసలాట ఈ నగరమునకు క్రొత్త గాదని శ్రోతలు గుర్తింపగలరు.

ఇంజనీర్ల కొరతను నగరము ప్రాణముతో తెలిసికొన్న దినము 1908 సెప్టెంబరు 28. శంషాబాదులో ఒక్క అహోరాత్రమున పన్నెండంగుళములకు మించి వాన కురిసినది. నగరమునకు ఎగువ, మూసీ పరీవాహక ప్రదేశమున 788 చెరువులుండగా వానిలో 221 తెగినవి. చెరువు వెంట చెరువు తెగి, వాన నీటికి చెరువుల నీరు తోడై, నది పాతబస్తీ మీదికి వచ్చినది. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజు ఉద్యానమున, నేటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోనున్న చింతచెట్టు నెక్కి నూటయేబది మంది బ్రతికిరి. ఆ చెట్టును చూచి వచ్చువారు నేటికిని కలరు.

తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, వరదనీటిని నగరమునకు ఎగువనే ఆపుటకు రెండు జలాశయములు కట్టవలెనని సూచించిరి. మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసాపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తి అయినవి. ఇవన్నియు పాఠ్యపుస్తకములలో ఉన్నవే. మేము చెప్పదలచినది వాని వెనుకనున్న మాట. పరిశీలనకు వచ్చినవారు మైసూరువారు. బొంబాయి రాజధానిలో పేరు గడించినవారు. అంత పెద్ద సంస్థానమున అట్టి పనికి తగిన చదువు చెప్పు కళాశాల లేకుండెను. ఇచ్చటి బిడ్డ యెవడైన ఇంజనీరు కావలెనన్న సంస్థానము దాటవలసి వచ్చెను. మీర్ అహ్మదలీ యను యువకుడు 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు పోయి, కూపర్స్ హిల్ కళాశాలలో చదివి వచ్చెను. ఆయనయే నవాబు అలీ నవాజ్ జంగు. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరమునకు రూపకర్త. ఆయన జన్మదినమైన జులై 11వ తేదీని తెలంగాణ రాష్ట్రము ఇంజనీర్ల దినముగా జరుపుచున్నది. కాని ఒక్క అలీ నవాజ్ జంగును తయారుచేయుటకు ఒక ఓడప్రయాణము కావలసి వచ్చిన కాలములో, కాలువలు, వంతెనలు, రోడ్లు, మురుగునీటి మార్గములు కట్టుటకు వందలమంది ఎచ్చటినుండి వత్తురు?

దీనికి సమాధానము ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి వచ్చినది. అక్బర్ హైదరీగారి విజ్ఞప్తిపై మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో అనుమతి నొసగగా, 1918లో విశ్వవిద్యాలయము స్థాపితమైనది. భారతదేశమున ఒక దేశభాషను ఉన్నతవిద్యకు బోధనాభాషగా గ్రహించిన మొదటి విశ్వవిద్యాలయమిది. ఆ భాష ఉర్దూ. అప్పటికి పాఠ్యగ్రంథములు లేవు. అందువలన 1917లోనే అనువాదసంస్థ యొకటి ఏర్పడినది. దానినే దారుల్ తర్జుమా అనిరి. మౌల్వీ అబ్దుల్ హఖ్‌గారు దానికి తొలి అధిపతి. పుస్తకమునకు ముందు పదము కావలెను గనుక, పండితులును శాస్త్రజ్ఞులును ఒకచోట కూర్చుండి పదములను నిర్ణయించిరి. అరబ్బీ ధాతువులనుండియే పదములు తీయవలెనని కొందరు. ఉర్దూ స్వభావమునకు తగినట్లు ఫారసీ, హిందీ మాటలను కూర్చి సమాసములు చేయవలెనని వహీదుద్దీన్ సలీం ప్రభృతులు. ఈ వాదమును గూర్చి సలీంగారు ఒక పెద్ద గ్రంథమునే వ్రాసిరి. నిఘంటువులలో ప్రశాంతముగ కనిపించు మాటల వెనుక ఎన్ని కలహములుండునో!

ఈ ప్రయత్నములో పాతబస్తీ వంతు సిటీ కాలేజీ. హైకోర్టు సమీపమున, మూసీ దక్షిణపు టొడ్డున, విన్సెంటు ఎష్ రూపకల్పనలో లేచిన ఆ భవనములో 1921లో ఇంటర్మీడియెటు తరగతులు ప్రారంభమైనవి. పాతబస్తీ బాలుడు తన గల్లీనుండి నడచిపోయి గణితము, భౌతికశాస్త్రము, రసాయనము ఉర్దూలో చదువుకొను వీలు కలిగినది. పై మెట్టు మాత్రము మిగిలియుండెను. 1929లో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల ప్రారంభమగుటతో ఆ మెట్టును అందినది. దేశమున అది ఆరవ ఇంజనీరింగు కళాశాల యని ఆ కళాశాలవారు చెప్పుకొందురు. రూర్కీ, గిండీ, పూనా, శివపూరు కళాశాలలు అప్పటికే పెద్దవి; అన్నిటను బోధన ఇంగ్లీషే. ఇంజనీరింగును ఉర్దూలో చెప్పుటకు సాహసించినది ఇదొక్కటి.

మొదటి సంవత్సరపు విద్యార్థికి ఇంజనీరింగు అనగా తొలుత కొలుచుట, గీయుట. 66 అడుగుల గొలుసును పట్టుకొని మైదానమున నడచుట, డంపీ లెవెలులో కన్నుపెట్టి ఎత్తుపల్లములు వ్రాసికొనుట, కాగితముపై వస్తువును మూడువైపులనుండి చూపుట. చేయి అలవాటుపడువరకు కష్టమే గాని, ఇవి ఏ భాష వానికైనను సమానమైన కష్టములు. భాష అడ్డువచ్చునది తరగతిగదిలో. ఉపాధ్యాయుడు జావియా అనిన కోణమనియు, ముసల్లస్ అనిన త్రిభుజమనియు, సతహ్ అనిన తలమనియు, కువ్వత్ అనిన బలమనియు వెంటనే మనసునకు తట్టవలెను. సిటీ కాలేజీనుండి వచ్చిన పాతబస్తీ బాలునికి ఇవి పరిచితములు. ఇంట మాటలాడు భాషకును, తరగతిలోని భాషకును నడుమ ఒక పొర మాత్రమే యుండెను, గోడ లేదు.

వరంగల్లు, నల్లగొండ, కరీంనగరము జిల్లాలనుండి వచ్చిన తెలుగు బాలుని సంగతి వేరు. సంస్థాన ప్రజలలో సుమారు సగము మంది తెలుగువారు. ఉర్దూ మాతృభాషగా గలవారు పదింట ఒకరికి కొంచెము హెచ్చు. దేశభాషలో విద్య యను గొప్ప ఆశయము ఆచరణలో అధికారభాషలో విద్యగా పరిణమించినదని చెప్పక తప్పదు. తెలుగు, మరాఠీ, కన్నడ విద్యార్థులకు ఇంగ్లీషు ఎట్లో ఉర్దూ శాస్త్రభాషయు అట్లే నేర్చుకొనవలసినదైనది. పైగా ఇంగ్లీషు సైతము నిర్బంధపాఠ్యముగా ఉండెను. కాబట్టి వాని నెత్తిన బరువులు రెండు.

ఇచ్చట ఒక చిత్రమైన విషయము కలదు. తెలుగు తాపీపనివాడు పునాది అనును. అది ఉర్దూ బునియాదు. కమాను అనును, అది విల్లు అను అర్థముగల ఫారసీ మాట. గచ్చు, నక్ష, దర్వాజ ఇట్లే వచ్చినవి. అందాజు అనని తెలంగాణ మేస్త్రీ లేడు. ఆ అందాజునకును, అరబ్బీలో క్షేత్రగణితమునకు, ఇంజనీరింగునకు పేరైన ‘హందసా’కును మూలమొక్కటే, కొలత యను అర్థముగల ప్రాచీన ఫారసీ పదము. ఇంజనీరును ముహందిస్ అనుట దానినుండియే. అనగా గోడ దగ్గర నిలిచినప్పుడు తెలుగు బాలునికి ఆ భాష పరాయిది గాదు. కాగితము దగ్గర కూర్చున్నప్పుడే పరాయిది. పదనిర్మాతలు పునాది, కమాను వంటి పనివాండ్ర మాటలను మరింత ఆదరించి, అరబ్బీ ధాతువులను కొంత తగ్గించియుండిన, ఈ కళాశాల ఇరువురికిని చేరువగా ఉండెడిదని మా అభిప్రాయము. ఆ మాటకు వచ్చిన తెలుగులో శాస్త్రపదములు కల్పించినవారును మేస్త్రీల మూలమట్టము, రసమట్టము వదలి సంస్కృతము వంకకే చూచిరి. లంబకోణము, అపవర్తనము అని నేర్చి కళాశాలలో చేరిన మా తరమువారికి ఆ కష్టము తెలియును.

అదే కాలమున కోస్తా, రాయలసీమల తెలుగు విద్యార్థులు మద్రాసునకు, గిండీకి పోవుచుండిరి. ఆ ప్రాంతమున ఇంజనీరింగు కళాశాల 1946లో గాని రాలేదు. విశాఖపట్నమున మొదలై కాకినాడకు చేరినది. గిండీలో భాష ఒక్కటే అడ్డు గాదు. పదునెనిమిదవయేట భర్తను కోల్పోయి, పసిబిడ్డ తల్లియైన అయ్యలసోమయాజుల లలితగారు 1940లో అచ్చట ఎలక్ట్రికల్ తరగతిలో చేరునాటికి ఆ కళాశాలలో స్త్రీలే లేరు. 1943లో చదువు ముగించి ఆమె దేశమున తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైరి. చదువు గడప ఒక్కొక్కరికి ఒక్కొక్క ఎత్తున ఉండును గదా.

ఉస్మానియాలో ఉర్దూ ఇంజనీరింగు ఇరువది యేండ్లైన నిలువలేదు. 1947లో కళాశాల అడిక్‌మెట్టులోని శాశ్వతభవనమునకు మారినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరెను. కొలదికాలములోనే బోధన ఇంగ్లీషునకు మారినది. ఉస్మానియా పట్టముతో సంస్థానపు ప్రజాపనుల శాఖలో కొలువు దొరకెడిది; అచ్చటి దస్తావేజులు ఉర్దూలోనే గనుక చదివిన చదువు అక్కరకు వచ్చెడిది. ఎల్లలు తొలగిన పిమ్మట మద్రాసు, బొంబాయి, ఢిల్లీలలో ఆ పదజాలముతో పనిలేకపోయెను. మార్పు తప్పనిసరి యని వాదించినవారి మాట కొట్టివేయరానిది. కాని ఆ మార్పువలన నిన్నటివరకు తరగతిలో ముందువరుసనున్న పాతబస్తీ బాలుడు, ఒక్క సంవత్సరమున, జిల్లాలనుండి వచ్చిన తెలుగు బాలుని ప్రక్కకు వచ్చి నిలిచెను. ఇరువురును ఇంగ్లీషు ముందర క్రొత్తవారే. అనువాదసంస్థ సిద్ధపరచిన వందలాది గ్రంథములు బీరువాలకు పరిమితమైనవి.

అటుపిమ్మట ఏడుపదుల యేండ్లకు ప్రశ్న మరల తలయెత్తినది. 2021లో అఖిలభారత సాంకేతిక విద్యామండలి ఇంజనీరింగును తెలుగు, హిందీ, తమిళము, మరాఠీ, బెంగాలీ మొదలగు భాషలలో బోధించుటకు కొన్ని కళాశాలలకు అనుమతి నొసగినది. మొదటి సంవత్సరపు పుస్తకములను తెలుగు చేయించినది. 1998లో హైదరాబాదున నెలకొన్న మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము తన పాలిటెక్నిక్కులో ఇంజనీరింగు డిప్లొమాను ఉర్దూలో చెప్పుచున్నది. చార్మినారు చుట్టుప్రక్కల ఉర్దూ మాధ్యమమున పదవతరగతి ముగించిన పిల్లలు గచ్చిబౌలి బస్సెక్కి అచ్చటికి పోయి, ఇంట విన్న భాషలోనే ఈ చదువు చదువుకొనవచ్చును.