బూజు మీదికి లవంగ నూనె

గోదావరి డెల్టాలోని రావులపాలెం మార్కెట్లో అరటి గెలల్ని ఎండాకు పరిచి లారీకెత్తుతారు. ఆ సరుకు ఒడిశాకో తమిళనాడుకో చేరి అమ్ముడయ్యేలోగా చెడిపోవడం మొదలుపెట్టేది కత్తి తగిలిన చోటే. గెల నుంచి అత్తాన్ని కోసినప్పుడు దాని మొదట్లో తడి గాయం మిగులుతుంది. అక్కడ ముందు తెల్లటి నూగు పుడుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ మొదలుకుళ్లు తొడిమల్లోకి దిగుతుంది. ఎత్తితే పళ్లు జలజలా రాలతాయి.

మచ్చతెగులు తెచ్చే శిలీంధ్రం ఇంకా జిత్తులమారిది. కాయ తోటలో పచ్చిగా ఉన్నప్పుడే తొక్క మీద చేరి, పండేదాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటుంది. కొన్నవాళ్ల ఇంటికొచ్చాకే మచ్చగా బయటపడుతుంది.

బూజుతో పోరు మన వంటింటికి పాతదే. ఆవకాయలో ఉప్పు, నూనె, పులుపులతోపాటు ఆవపిండి కూడా కాపలాదారే. ఆవగింజ గింజగా ఉన్నంతసేపూ ఘాటుండదు. దంచి, తడి తగిలాకే అందులోని ఎంజైమ్ పనిచేసి అల్లైల్ ఐసోథయోసైనేట్ పుడుతుంది. కళ్లల్లో నీళ్లు తెప్పించే ఆ ఆవిరిని బూజు తట్టుకోలేదు. జపాన్ వాళ్లు ఆ పదార్థాన్నే ఆహారం ప్యాకింగుల్లో వాడుతున్నారు. మన ముత్తవ్వలకు ఆ పేరు తెలియదు, జాడీ సంగతి తెలుసు.

ప్రయోగశాల ఈ దారి పట్టింది పందొమ్మిదో శతాబ్దంలో. పాశ్చర్ సహచరుడు షాంబర్లాండ్ 1887లో దాల్చినచెక్క, లవంగం వంటి నూనెల్ని ఆంథ్రాక్స్ క్రిముల మీద పరీక్షించాడు. వాము నుంచి తీసిన థైమాల్ మందుల అల్మరాలో చోటు సంపాదించుకుంది. అయితే 1960లలో థయాబెండజోల్ వంటి రసాయనాలు రావడంతో నూనెలు వెనకబడ్డాయి. రసాయనం చవక, వాసన లేదు, పళ్లను ఓసారి ముంచి తీస్తే చాలు. కొన్నేళ్లకే నిమ్మజాతి పళ్ల గోదాముల్లో పెన్సిలియం బూజు దానికి అలవాటుపడి, లొంగడం మానేసింది. నూనెల మీదికి మళ్లీ చూపు మళ్లడానికి అదో కారణం.

మన దేశంలో గోరఖ్‌పూర్ పరిశోధకులు అజెరాటమ్ అనే కలుపు మొక్క నూనెను కమలాల నీలి బూజు మీద వాడి, 1995లో ఫలితాలు ప్రచురించారు. డెల్టాకు దగ్గరి కథ మాత్రం శ్రీలంకది. అక్కడి శాస్త్రవేత్తలు 2002లో దాల్చినచెక్క, లవంగ నూనెలు అరటి మొదలుకుళ్లు, మచ్చతెగులు శిలీంధ్రాలను చంపుతాయని చూపించారు. ఆ తర్వాత వాళ్లు పరీక్షించిన ‘ఎంబుల్’ అరటీ, మన కర్పూర చక్కెరకేళీ మైసూర్ వర్గానికి చెందినవే. అంటే ఆ ప్రయోగం జరిగింది దాదాపు మన పండు మీదే.

లవంగంలోని యూజినాల్ శిలీంధ్రం కణపు పొరలోకి దూరి దానికి చిల్లులు పొడుస్తుంది, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. చిక్కంతా మోతాదులో ఉంది. ఎక్కువైతే తొక్క మాడుతుంది, పండుకు లవంగం వాసన పడుతుంది. తక్కువైతే బూజు నవ్విపోతుంది. ధర సరేసరి. గాలి ఆడే లారీలో నూనె ఆవిరి నిలవనే నిలవదు.

ఆవిరి నిలిచే చోటు డెల్టాలో లేకపోలేదు. కార్బైడ్‌ను నిషేధించాక పళ్లను ఇథిలీన్‌తో మగ్గబెట్టే మూసిన గదులు వచ్చాయి. ఆహార భద్రతా సంస్థ 100 పీపీఎం దాకా అనుమతిస్తుంది. నూనె ఆవిరిని పరీక్షించాల్సింది అక్కడే. రాజమండ్రికి ఎదురుగా గోదావరి అవతలి ఒడ్డున కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. అక్కడివాళ్లు ఆ పరీక్షేదో మగ్గబెట్టే గదిలోనే, వ్యాపారుల ఎదుట చేసి చూపించాలి. ఆ లెక్క తేలేదాకా మందుల షాపు లవంగ నూనెను ఇంట్లో పళ్లకు నేరుగా రాయకండి. బూజుకంటే ముందు తొక్క నల్లబడుతుంది.