ఫిజీ ఫుట్‌బాల్: చెరకు కూలీల బిడ్డలు పెట్టిన సంఘం.. దేశమంతటిదీ ఎలా అయింది?

పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులకూ, మన గోదావరి జిల్లాలకూ ఓ పాత బంధం ఉంది. 1879 నుంచి 1916 దాకా బ్రిటిష్ వాళ్లు అక్కడి చెరకు తోటల్లో పనికి 60 వేల మందికి పైగా భారతీయులను ఓడల్లో తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాది వాళ్లూ వెళ్లారు. వాళ్లలో గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల తెలుగు కూలీలున్నారు. ఐదేళ్ల ఒప్పందం.. 'అగ్రిమెంట్' నోరు తిరక్క 'గిర్మిట్' అయింది.

ఆ కూలీల సంతతి కోసం 1938లో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ పుట్టింది. అదే ఏడాది జిల్లాల మధ్య టోర్నీ మొదలైంది. తొలి కప్పు రేవా జిల్లాది. ఆ టోర్నీ ఇప్పటికీ నడుస్తోంది.

1961లో సంఘం తలుపులు అన్ని జాతులకూ తెరిచారు. పేరులోంచి 'ఇండియన్' తీసేశారు.

బ్రెజిల్‌లోనూ ఇలాంటి కథే ఉంది. సావో పాలోలో ఇటలీ వలసదారులు 1914లో 'పలెస్ట్రా ఇటాలియా' క్లబ్ పెట్టారు. 1942లో యుద్ధం వేళ ప్రభుత్వ ఒత్తిడితో ఆ పేరు వదులుకోవాల్సి వచ్చింది. అదే నేటి పాల్మెయిరస్. అక్కడ పేరు పోయింది భయంతో.. ఫిజీలో పోయింది అందరినీ కలుపుకోవడానికి.

2016 రియో ఒలింపిక్స్‌లో ఫిజీ ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ఆడింది. మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఆ జట్టు కొట్టిన ఒకే ఒక్క గోల్ మాత్రం భారత సంతతి ఆటగాడు రాయ్ కృష్ణది!