ఆర్కమ్ అసైలమ్: సూపర్‌హీరో ఆటకు మారిన కొలబద్ద

2009 ఆగస్టులో విడుదలైన ‘బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ అసైలమ్’ సూపర్‌హీరో వీడియో గేముల మీద సమీక్షకులకున్న చిన్నచూపును పోగొట్టింది. లండన్‌లోని రాక్‌స్టెడీ స్టూడియో దాన్ని తయారుచేస్తే, ఐడోస్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. అప్పటికి ఆ స్టూడియో పెట్టి దాదాపు ఐదేళ్లు. చెప్పుకోవడానికి ఉన్నది 2006 నాటి ‘అర్బన్ కేయాస్: రయట్ రెస్పాన్స్’ ఒక్కటే. అలాంటివాళ్ల చేతికి బ్యాట్‌మ్యాన్ వచ్చాడంటే పత్రికలు పెద్దగా ఆశలు పెట్టుకోలేదు. స్టూడియో కొత్తది కావడం ఒక్కటే అందుకు కారణం కాదు, వెనక ముప్పై ఏళ్ల చేదు అనుభవం కూడా ఉంది.

ఈ జాతి ఆటల్లో తొలి వరసలో నిలిచేది 1979లో అటారీ 2600 యంత్రానికి వచ్చిన ‘సూపర్‌మ్యాన్’. అప్పట్లో అటారీ, డీసీ కామిక్స్ రెండూ వార్నర్ కమ్యూనికేషన్స్ చేతిలోనే ఉండేవి కాబట్టి హక్కుల బేరం ఇంట్లోనే తెగిపోయింది. క్లార్క్ కెంట్ ఫోన్ బూత్‌లో దూరి సూపర్‌మ్యాన్‌గా బయటికి రావడం, విరిగిన వంతెన ముక్కల్ని వెతికి అతికించడం, లెక్స్ లూథర్‌ను పట్టి జైల్లో వేయడం, ఇంతే ఆట. ఏడేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో జాన్ రిట్‌మన్, బెర్నీ డ్రమండ్ కలిసి చేసిన ‘బ్యాట్‌మ్యాన్’ను బ్రిటిష్ కంప్యూటర్ పత్రికలు నెత్తిన పెట్టుకున్నాయి. అయితే ఆ మెప్పు గదుల చిక్కుముళ్లకు దక్కింది. అందులో బొద్దుగా కనిపించే బ్యాట్‌మ్యాన్ స్థానంలో ఇంకెవరిని నిలబెట్టినా ఆట అలాగే సాగిపోయేది.

అసలు తలనొప్పి లైసెన్సు ఆటలతో వచ్చింది. సినిమా విడుదల తేదీకి ఆట కూడా సిద్ధం కావాలి, పాత్ర హక్కుదారు ప్రతి అడుగూ ఒప్పుకోవాలి. ఆట ఎలా ఉన్నా అట్ట మీది బొమ్మ చూసి పిల్లలు కొంటారన్న ధీమా మరోపక్క. ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో 1999లో టైటస్ సంస్థ నింటెండో 64కు తెచ్చిన ‘సూపర్‌మ్యాన్’ చూపించింది. ఎగరగల వీరుడికి అందులో పెట్టిన ప్రధానమైన పని, గాల్లో వేలాడే రింగుల్లోంచి గడువులోగా దూరిపోవడం! యంత్రం దూరాన ఉన్న భవనాల్ని గీయలేకపోవడంతో నగరమంతా పచ్చటి పొగమంచు కమ్మేశారు, దానికి క్రిప్టొనైట్ పొగ అని కథలోనే ఒక సాకు చూపారు. సమీక్షకులు దుమ్మెత్తిపోశారు. ఇప్పటికీ అతి చెత్త ఆటల జాబితా ఎవరు రాసినా దానికి చోటు ఖాయం. తాము అనుకున్నదాంట్లో చాలా భాగాన్ని హక్కుదారులే అడ్డుకున్నారని టైటస్ పెద్దలు తర్వాత వాపోయారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు కానీ, పట్టు చిక్కని కంట్రోళ్లకు ఆ వివరణ చాలదు.

మంచివి రాలేదని కాదు. 2000లో నెవర్‌సాఫ్ట్ చేసిన ‘స్పైడర్‌మ్యాన్’కు మంచి మార్కులే పడ్డాయి. 2004 నాటి ‘స్పైడర్‌మ్యాన్ 2’లో విసిరిన సాలెదారం ఆకాశానికి కాకుండా నిజంగా ఎదుటి భవనానికే అతుక్కునేది. మన్‌హాటన్ వీధుల మీదుగా ఊగుతూ పోవడాన్ని అందరూ మెచ్చుకున్నారు; నేల మీద దిగాక చేయాల్సిన పనులు మళ్లీ మళ్లీ అవేనని పెదవి విరిచారు. అదే ఏడాది వార్నర్ బ్రదర్స్ ఆటల విభాగం ఒక విచిత్రమైన షరతు ప్రకటించింది. తమ పాత్రలతో చేసిన ఆటకు సమీక్షల సగటు 70 శాతం కంటే తగ్గితే, ఆ ఆట తీసుకొచ్చిన కంపెనీ హక్కులకు ఎక్కువ సొమ్ము కట్టాలి. పత్రికల వాళ్లు వేసే అంకె ఒప్పంద పత్రంలోకి ఎక్కిందంటే చెడ్డ ఆటలతో పాత్ర పరువు ఎంతగా పోతోందో ఊహించుకోవచ్చు. బెదిరింపు వల్ల ఆటలు బాగుపడిన దాఖలాలు మాత్రం తక్కువ. 2006లో ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’, 2008లో ‘ఐరన్ మ్యాన్’ సినిమాల వెంట వచ్చిన ఆటలు విమర్శకుల చేతిలో చావుదెబ్బ తిన్నాయి.

‘ఆర్కమ్ అసైలమ్’కు కలిసొచ్చిన మొదటి సంగతి, దాని మెడ మీద సినిమా విడుదల తేదీ లేకపోవడం. కథ రాసిన పాల్ డీని 1992 నాటి బ్యాట్‌మ్యాన్ టీవీ కార్టూన్ సిరీస్ రచయితల్లో ఒకడు. అదే సిరీస్‌లో గొంతులిచ్చిన కెవిన్ కాన్‌రాయ్ బ్యాట్‌మ్యాన్‌గా, మార్క్ హామిల్ జోకర్‌గా మళ్లీ వచ్చారు. నగరం మొత్తాన్ని చూపించే ఆశకు పోకుండా, నేరస్థులైన మతిస్థిమితం లేనివాళ్లను బంధించే ఒక దీవిలోనే, ఒక్క రాత్రిలోనే కథంతా నడిపారు. బ్యాట్‌మ్యాన్ చేతికి కొత్త పరికరం దొరికినప్పుడల్లా అంతకుముందు మూసుకుని ఉన్న దారులు తెరుచుకునే ఏర్పాటును సమీక్షకులు నింటెండో వారి ‘మెట్రాయిడ్’తో పోల్చారు. ఒక లైసెన్సు ఆటను అంత పెద్ద పేరు పక్కన నిలబెట్టడం అరుదు.

ఎక్కువ మెప్పు పోరాటానికి దక్కింది. కొట్టడానికి ఒక బటన్, కాచుకోవడానికి మరొకటి. మీదికి రాబోయే రౌడీ తల చుట్టూ చిన్న గీతలు మెరుస్తాయి. ఆ క్షణంలో కాచుకునే బటన్ నొక్కితే బ్యాట్‌మ్యాన్ వాడి చెయ్యి విరిచి, అదే ఊపులో గదికి అవతలున్న వాడి మీదికి దూకుతాడు. కొత్తవాళ్లకు సులువే, లయ తప్పకుండా కొనసాగించడం మాత్రం నేర్పున్నవాళ్ల వల్లే అవుతుంది. తుపాకులున్న చోట పద్ధతి వేరు. బ్యాట్‌మ్యాన్ పైకప్పు దగ్గరి రాతి విగ్రహాల మీద నక్కి, కిందికొచ్చిన వాణ్ని తలకిందులుగా వేలాడదీస్తాడు. అది చూసిన మిగతావాళ్లకు గుండె దడ పెరగడం, చీకట్లోకి పిచ్చిగా కాల్చడం ఆటగాడికి పైనుంచి కనిపిస్తుంది. బ్యాట్‌మ్యాన్ బలం కండల్లో కంటే ఎదుటివాడి భయంలో ఉందన్న సంగతిని సంభాషణ అవసరం లేకుండా ఆటే చెప్పింది. పాత ఆటలకు చేతకానిది ఇదే.

సమీక్షల్లో పదే పదే కనిపించిన మరో ఘట్టం స్కేర్‌క్రో అనే విలన్ విషవాయువుది. ఆట నడుస్తూ నడుస్తూ తెర మీది బొమ్మ చెదిరి, ఆగిపోయి, మొదటి నుంచి మొదలైనట్టు కనిపిస్తుంది. చూస్తే ఈసారి కారు నడుపుతున్నది జోకర్, ఖైదీగా పడివున్నది బ్యాట్‌మ్యాన్. కాసేపటికి జోకర్ తుపాకీ పేలుస్తాడు. జోకర్ గుళ్ల నుంచి తప్పించుకోవడానికి మధ్య స్టిక్ వాడమని తెర సలహా ఇస్తుంది. కంట్రోలర్‌కు మధ్య స్టిక్కే ఉండదు. ఎక్స్‌బాక్స్ 360 యంత్రాలు వేడెక్కి చెడిపోవడం మామూలైన ఆ రోజుల్లో, తమ యంత్రం పోయిందనుకుని కంగారుపడినవాళ్లకు కొదవ లేదు.

లోపాలను కూడా సమీక్షకులు వదల్లేదు. గోడల అవతలి మనుషుల్ని ఎముకల గూళ్లుగా చూపించే డిటెక్టివ్ మోడ్ ఎంత పనికొస్తుందంటే, దాన్ని ఆపే అవసరమే రాదు. చిత్రకారులు కష్టపడి గీసిన దీవి అందమంతా ఆ నీలి తెర వెనక మరుగున పడిపోయింది. బాస్ ఫైట్లు చాలావరకు టైటాన్ మందుతో ఉబ్బిన రాక్షసుణ్ని గోడకు గుద్దుకునేలా చేయడమే. చివర్లో జోకర్ కూడా అదే అవతారం ఎత్తడం చప్పగా ఉందని ఎక్కువమంది అన్నారు. అది సబబైన మాటే. అయినా సమీక్షల మార్కులను కలిపి లెక్కగట్టే మెటాక్రిటిక్ సైట్‌లో సగటు 90 దాటింది. విమర్శకుల మెప్పు అత్యధికంగా పొందిన సూపర్‌హీరో ఆటగా గిన్నిస్ గుర్తించింది. 2010 మార్చిలో బాఫ్టా ఉత్తమ గేమ్ పురస్కారం కూడా దీనికే దక్కింది. దానికి ముందు నెలలోనే వార్నర్ బ్రదర్స్ సంస్థ రాక్‌స్టెడీలో మెజారిటీ వాటా కొనేసింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆటకూ ఇదే కొలబద్ద అయింది. 2011 నాటి ‘ఆర్కమ్ సిటీ’ అంతకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. అయితే క్యాట్‌వుమన్ పట్ల రౌడీల నోటి దురుసు శ్రుతి మించిందన్న అభ్యంతరం వచ్చింది. 2015 నాటి ‘ఆర్కమ్ నైట్’లో బ్యాట్‌మొబైల్‌తో ట్యాంకు యుద్ధాలు చేయించడం బ్యాట్‌మ్యాన్ పని కాదన్నారు. దాని పీసీ రూపం ఎంత అధ్వానంగా ఉందంటే, విడుదలైన మర్నాడే అమ్మకం ఆపి, అక్టోబరు దాకా మళ్లీ పెట్టలేదు. 2018లో ఇన్‌సోమ్నియాక్ వారి ‘స్పైడర్‌మ్యాన్’ వచ్చేసరికి, నిజంగా స్పైడర్‌మ్యాన్‌నే అయిపోయినట్టు ఉందన్న పొగడ్త ఎంత అరిగిపోయిందంటే ఇంటర్నెట్‌లో జోకుగా తిరిగింది.

రాక్‌స్టెడీ మళ్లీ 2024 ఫిబ్రవరిలో ‘సూసైడ్ స్క్వాడ్: కిల్ ద జస్టిస్ లీగ్’తో వచ్చింది. ఎప్పటికప్పుడు కొత్త సరుకు కలుపుతూ ఏళ్ల తరబడి డబ్బు రాబట్టే పద్ధతిలో దాన్ని అల్లారు. హార్లీ క్విన్‌కూ డెడ్‌షాట్‌కూ కెప్టెన్ బూమరాంగ్‌కూ తుపాకులే. మనుషుల్ని నమిలేయగల కింగ్ షార్క్ చేతిలోనూ ఒక భారీ గన్ను పెట్టారు. నలుగురితో ఆడినా ఒకడితో ఆడినట్టే ఉందన్నది సమీక్షకుల ప్రధాన ఫిర్యాదు. సగటు 60 ప్రాంతంలో ఆగిపోయింది. ఈ ఆట వల్ల వార్నర్ బ్రదర్స్ డిస్కవరీ సంస్థ 20 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపించింది.