మిద్దెయిండ్లును గాలియును

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతముల పాత మిద్దెయిండ్లను జూచినవారికి మొదట దోచునది గోడల మందము. రెండవది కిటికీల లేమి. దీనిని బట్టి మన పెద్దలకు గాలి విలువ తెలియదని తీర్పు చెప్పు విద్యావంతులు కొందరు. పాతదంతయు శాస్త్రసమ్మతమేయని వాదించువారు మరికొందరు. ఉభయులును వైశాఖమాసపు మధ్యాహ్నమున అట్టి యింటి వసారాలో నొక గడియయు, వంటింటిలో నొక గడియయు గూర్చుండి వచ్చినచో వాదము చాలవరకు ముగియును.

ఈ సీమ 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట నేర్పడిన ఒంగోలు జిల్లాలో జేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. ఇండ్ల కట్టుబడిలో మాత్రము నిది రాయలసీమకే చుట్టము. రాతిని మట్టితో బేర్చిన మందపు గోడలు, వానిపై దూలములు, దూలములపై దంతెలు, ఆపైన కంప పరచి పోసిన చవుడు మన్ను: ఇదియే మిద్దె. చవుడు నీటిని త్వరగా లోనికి దిగనీయదు. పగటి వేడి యట్టి గోడను దాటి లోపలికి వచ్చుసరికి ప్రొద్దు గ్రుంకును. అప్పటికి ఇంటివారు మంచములు మిద్దెపైకి జేర్చుకొందురు. ఎండకాలమున పగలు మూసి రాత్రి తెరచుట యను సూత్రమును వారు పుస్తకములు చదువకయే యెరుగుదురు.

గాలికై వారు చేసిన యేర్పాటు గోడలో గాదు, కప్పులో నున్నది. దానిని గవాచి యందురు. గవాక్ష శబ్దమే జనుల నోళ్లలో నరిగి యిట్లయినది. మిద్దెలో నొక రంధ్రము, దాని చుట్టు వాననీరు దిగకుండ చిన్న కట్ట, జడివాన పట్టినపుడు పైన నొక మూత. వేడిగాలి తేలిక గనుక గవాచి గుండ పైకి బోవును. దాని చోటికి వాకిటి నుండి చల్లగాలి రావలెను. వాకిలి మూసితిమా, గవాచి పని సగము నిలిచిపోవును. ఇంటిలోని చిక్కంతయు నిచ్చటనే యున్నది.

గోడకు కిటికీ పెట్టకపోవుటకు ఎండ యొక్కటే కారణము గాదు, భయము గూడ కారణము. 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి వదలునాటికి ఇచ్చట పాలెగాండ్ర కోటలే రాజ్యము. వారి నణచుటయే మన్రో దొరకు తొలిపని యయ్యెను. 1816లో పిండారీలు పొరుగుననున్న గుంటూరు సీమపై బడి, కొలది దినములలో 339 గ్రామములను దోచి 182 మందిని జంపిరి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు గిద్దలూరు వరకు వ్యాపించినది. ఇట్టి కాలములో వీధిగోడకు రంధ్రము పెట్టు గృహస్థు ఎవడు? బందిపోట్ల భయము తీరిన తరువాత గూడ గోడ మాత్రము మూసియే యుండెను. దొంగకై కట్టిన గోడ పరువునకు గోడగా మారినది. లోపలి స్త్రీలు వీధివారి కంటబడకుండుట ఘనతయని యెంచిరి.

అందుచే ఇంటిలోని గాలి అందరికిని సమముగా నందలేదు. పురుషునకు అరుగు గలదు, రచ్చబండ గలదు, వేపచెట్టు నీడ గలదు. పొయ్యి మాత్రము వెనుకటి గదిలో. పచ్చికట్టెల పొగకు గవాచి యొక్కటే దిక్కు. బాలింత స్థితి యింతకంటె దారుణము. వాకిలి మూసి, సందులలో గుడ్డలు గుక్కి, కుంపటి దగ్గర తల్లిని బిడ్డను పరుండబెట్టుట ఆచారముగా సాగినది. మూసిన గదిలో బొగ్గులు కాలినపుడు పుట్టు విషవాయువునకు వాసన లేదు. అది తెలియక యెన్ని ప్రాణములు పోయినవో లెక్క వ్రాసినవారు లేరు. వాతము చేయునను భయముతో గాలినే శత్రువుగా జూచితిమి.

ఆ కాలముననే యితర దేశములలో గాలిని కొలుచుట యారంభమైనది. 1858లో జర్మనీ శాస్త్రజ్ఞుడు పెట్టెన్‌కోఫర్, గదిలోని గాలి వేయిపాళ్లలో బొగ్గుపులుసు వాయువు ఒక పాలు మించరాదని హద్దు గీచెను. తరువాతి సంవత్సరములలో నైటింగేలమ్మ, రోగి గదిలోని గాలి బయటిగాలి యంత శుద్ధముగా నుండవలెనని తన పుస్తకమున మొదటి నియమముగా వ్రాసెను. మన మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915 నుండి క్షయరోగులను తెరపి గాలిలో నుంచి చూచిరి. అయితే గాలియే మందు గాదు: 1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధనలో, ఇరుకిండ్లలో నుండి మందులు పుచ్చుకొన్న క్షయరోగులు ఆరోగ్యశాలలోని వారివలెనే కోలుకొనిరి. కాని మందు పడకముందు, రోగము ఇతరులకు సోకు దినములలో, మూసిన గదికిని తెరచిన గదికిని గల భేదము చిన్నది గాదు.

నేడు చవుడు మిద్దెలు పడిపోయి సిమెంటు కప్పులు వచ్చినవి. గవాచి పోయినది. పలుచని కప్పు పగలెల్ల ఎండ ద్రాగి రాత్రియంతయు మనపై గ్రక్కును. ఫంకా ఆ వేడిగాలినే త్రిప్పును గాని క్రొత్తగాలిని దేజాలదు. కిటికీలు పెట్టిరి, సంతోషమే. కాని ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టిన గది, ఒకే నోరు గల కుండ వంటిది. గాలి వచ్చుటకెంత దారి కావలెనో పోవుటకు నంత కావలెను. ఆ దారి ఎదుటి గోడకు నుండవలెను, పైకప్పు దాపున నొక వెంటిలేటరు నుండవలెను. ఇచ్చటి వేసవి యెండుగాలి వేరు, భాద్రపదాశ్వయుజముల ఉక్క వేరు. మొదటిదానికి పగలు తలుపులు బిగించి రాత్రి తెరువవలెను. రెండవదానికి పగలును రాత్రియు తెరచియే యుండవలెను. కావున కిటికీకి గట్టి రెక్కలును, పైన ఎండ వాన దగులని చూరును రెండును వలయును.

ఆగ్నేయమున వంటిల్లనుట మూఢాచారమని నేను త్రోసివేయను. వానకాలమున ఇచ్చట వీచునది పడమటిగాలి; పొగ తూర్పునకు బోవుట ఇంటికి మేలే. అయితే ఆ తూర్పుగోడకు కిటికీ లేనిచో ఆగ్నేయమైన నేమి, నైరృతియైన నేమి? 1999లో దీపము పథకము వచ్చినది మొదలు గ్యాసుపొయ్యి పేదయిండ్లకు గూడ చేరి కట్టెల పొగ చాలవరకు తగ్గినది. మంట వేడియు, పోపు ఘాటును అట్లే యున్నవి. ఇల్లు కట్టించువారు మేస్త్రీతో వీధివాకిలి దిక్కును గూర్చి దినములకొలది చర్చింతురు. వంటింటి కిటికీ యెత్తును మేస్త్రీయే తనకు దోచినట్లు పెట్టిపోవును. పొయ్యి ముందు నిలుచు నామె ముఖమున కెదురుగా నొక కిటికీ, తలపైన పొగకు నొక దారి, ప్రసవించిన కోడలిని పరుండబెట్టు గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు: ఇవి గోడ లేవకముందే నిర్ణయింపవలసినవి.