ఎవరిని అడిగి అర్జీ పెట్టాం

మా తాతల కాలంలో సర్కారు మనిషి ఊళ్లోకి వచ్చాడంటే మా వాళ్లు కాలువ గట్టు దిగి రెల్లు పొదల్లోకి పోయేవాళ్లు. ఇవాళ అదే సర్కారు దగ్గర పింఛనుకో, బియ్యం కార్డుకో, ఇంటి స్థలానికో మేమే ఎదురెళ్లి అర్జీ పెట్టాలి. మధ్యలో గడిచింది మూడు తరాలే. ఆ అడగడం ఎవరి మాట నమ్మి నేర్చుకున్నామో, పామర్రు చుట్టుపక్కల ఉండే యానాదులం, ఎరుకలం మాకు తెలిసినంత వరకు ఇక్కడ రాసుకుంటున్నాం.

పామర్రులో గిరిజనులేమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొండ లేదు, అడవి లేదు, కనుచూపు మేర వరిచేలే. మేము చేలల్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లం, మురుగు కాలువల్లో చేపలు పట్టేవాళ్లం, తోటలకూ చెరువులకూ కాపలా ఉండేవాళ్లం. ఎరుకల వాళ్లు బుట్టలల్లి, పందుల్ని మేపి బతికారు. ఊరికి నాలుగైదు ఇళ్లుగా చెదిరి ఉన్నాం. పాడేరులోనో రంపచోడవరంలోనో అయితే గిరిజనుల కోసమే ఐటీడీఏ ఆఫీసుంటుంది. కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. అందువల్ల ఎక్కడికెళ్లినా అందరి వరసలో చివర నిలబడి, అందరికీ చెప్పే జవాబే విని వచ్చేవాళ్లం.

భయానికి కారణం ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చాక ఎరుకల వారి పేర్లు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, రాత్రిళ్లు హాజరు పిలిచారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, బెజవాడకు కృష్ణ అవతల సీతానగరంలో సెటిల్‌మెంట్లు పెట్టారు. యానాదులకూ ఆ మచ్చ తప్పలేదు. రూలు తెలిసినవాడు ఊళ్లో మునసబు ఒక్కడే. మమ్మల్ని కాపు కాసేవాడూ అతనే. అతన్ని సలహా అడగడమంటే ఎక్కడ ఉన్నామో, ఎక్కడికి పోతున్నామో మనంతట మనమే చెప్పుకోవడం.

మా తరఫున కాగితం రాసినవారిలో ముందు చెప్పుకోవలసింది నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారిని. మా కులంలో పుట్టినవారు కాదు. యానాదుల్ని సంఘంగా కూడగట్టారు, ఆ చట్టం పోవాలని పోరాడారు, యానాదుల మీద పుస్తకం రాశారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతా 1952లో. 1956 నాటి షెడ్యూల్డు తెగల జాబితాలో ఆంధ్ర ప్రాంతపు యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఉన్నారు. అంటే హక్కు కాగితం మీదికి వచ్చేసింది. ఆ సంగతి కాలువ గట్టు మీది గుడిసెకి ఎవరు చెప్పాలి?

కరణం చెప్పాలి, లేదా ఏ రైతు చేలో బుట్టలు పెడుతున్నామో ఆ ఆసామి చెప్పాలి. ఆసాములందరూ చెడ్డవాళ్లని మేము అనం. కానీ "నేను చూసుకుంటాలే, ఇక్కడ వేలు వెయ్యి" అన్నాక ఆ కాగితంలో ఉన్నది అర్జీనో అప్పు పత్రమో మాకు తెలిసేది కాదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చిందని మా వాళ్లలో చాలామందికి చెరువు గట్ల మీద కాపలా కాస్తూనే ఎప్పటికో తెలిసింది.

1984లో కరణాలు, మునసబులు పోయారు. 1985లో మండలాలు వచ్చాయి. ఆ రెండు పనులూ చేసిన ఎన్టీ రామారావు గారి ఊరు నిమ్మకూరు మా పామర్రు మండలంలోదే. ఆఫీసు దగ్గరికి వచ్చింది, నిజమే. ఆఫీసు వరండా మీదికి బ్రోకరు కూడా వచ్చాడు. చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిచ్చే ముసలాయనే మాకు వీళ్లందరికంటే మేలు. రాసినందుకు డబ్బు తీసుకునేవాడు, రాసింది చదివి వినిపించేవాడు, తెలియంది తెలియదనేవాడు. బ్రోకరు మాత్రం తనకు అన్నీ తెలుసంటాడు, పని అయ్యాక వాటా అడుగుతాడు.

వయసు దగ్గర మేము ఎక్కువగా దెబ్బతిన్నాం. 1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు, వయసు 65 నిండాలి. మా పెద్దవాళ్లకు పుట్టిన తేదీ ఎక్కడిది? 1977 దివిసీమ ఉప్పెనే వాళ్ల క్యాలెండరు. "ఉప్పెన నాటికి నాకు ఇద్దరు పిల్లలు" అంటుంది ఒక అవ్వ. బడిలో రిజిస్టరు రాసే మాకు అది చాలు, ఆఫీసుకు చాలదు. ఆధార్ తీసినప్పుడు ఎదుట కూర్చున్న కుర్రాడు ముఖం చూసి ఏదో సంవత్సరం వేసి, జనవరి 1 అని కొట్టేశాడు. అందులో పదేళ్లు తగ్గినవాళ్లకు పింఛనూ పదేళ్లు వెనక్కి పోయింది.

ఇంకో సంగతి. 2019 డిసెంబరు నాటి రాష్ట్ర పింఛను నిబంధనల్లో అందరికీ వయసు 60 అయితే గిరిజనులకు 50. మా వాళ్లు వెళ్లి అడిగితే వచ్చిన జవాబు "అరవై నిండాక రండి". చెప్పినవాళ్లు కుట్ర చేశారనుకోం. రోజూ చూసేది మిగతా కులాల వాళ్లనే, నోటికొచ్చింది ఆ మాటే. కానీ వెనక్కి తిరిగి వచ్చిన మనిషికి పదేళ్ల పింఛను పోయినట్టే. మేము ఆ ఉత్తర్వు కాపీ తీసి చేతికిచ్చి పంపితే అదే కిటికీ దగ్గర అర్జీ తీసుకున్నారు. కుల ధ్రువీకరణ పత్రం లేనివాళ్లు మాత్రం 50 ఏళ్ల మాట ఎత్తడానికే లేదు. అదీ 1993 నాటి చట్టం ప్రకారం విచారణ జరిగి రావాలి. బడి రికార్డులో కులం గడి ఖాళీగా ఉన్నా, తప్పుగా ఉన్నా అక్కడే ఆగిపోతుంది. అందుకే బిడ్డను బడిలో వేసే రోజునే ఆ గడి చదివించుకోమని ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాం.

2019లో సచివాలయాలు, వాలంటీర్లు వచ్చారు. యాభై ఇళ్లకు ఒక మనిషి. గుమ్మం దాకా వచ్చి "అవ్వా, వేలు పెట్టు" అని డబ్బు చేతిలో పెట్టడం మా ముసలివాళ్లు మర్చిపోలేదు. అయితే ఊరంతటికీ దారి ఆ ఒక్క నోరే అయింది. 2024 ఏప్రిల్‌లో ఎన్నికల వేళ వాలంటీర్లను పక్కన పెట్టేసరికి ఎండలో సచివాలయానికి, ఆ మరుసటి నెల బ్యాంకుకు నడిచారు. ఎవరిని అడగాలో తోచక రెండు పూటలు తిరిగినవాళ్లు మా పేటలోనే ఉన్నారు.

మాకు పనికొచ్చిన సలహా ఎక్కువగా చట్టం నుంచే వచ్చింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగల మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మచిలీపట్నం జిల్లా కోర్టులో ఆ సంస్థ ఉంది, ఫోను నంబరు 15100. అక్కడ సలహా చెప్పేవాళ్లకు మా పింఛనులో వాటా ఉండదు, మా ఓటుతోనూ పని ఉండదు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే జవాబు రాతపూర్వకంగా, సంతకంతో రావాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. నోటితో "రాదు" అన్న మాటను "రాదని రాసివ్వండి" అని అడిగితే, కొన్నిసార్లు అక్కడికక్కడే వచ్చే దారి దొరుకుతుంది. మా పేట కుర్రాళ్లు ఇప్పుడు ముందు అడిగేది ఇదే: ఏ ఉత్తర్వు, ఏ తేదీది?

కొల్లేరు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండే మా బంధువులకు మాత్రం ఇదింకా చేరలేదు. చెరువు మారితే చిరునామా మారుతుంది, ఆధార్‌లో పాత ఊరే ఉంటుంది, ఏ సచివాలయమూ తమ పరిధి కాదంటుంది. వాళ్ల కోసం ఈ కోతల తర్వాత చెరువు గట్ల మీదికే వెళ్లి పేర్లు, వయసులు ఉప్పెన లెక్కలో రాసుకురావాలని అనుకున్నాం. ముందు ఆసాముల్ని ఒప్పించాలి.