పెరటికోడికి కత్తి ఎప్పుడు?

ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పడానికి మనకు కుక్కుటశాస్త్రం ఉన్నది. పెరట్లో గింజలేరుకునే కోడిని ఎప్పుడు కోయాలో చెప్పే శాస్త్రం మాత్రం ఎక్కువగా ఇల్లాళ్ళ నోటనే బ్రతికింది. అయినా శాసనాలలో దాని జాడ బొత్తిగా లేకపోలేదు.

పట్టాభిషిక్తుడైన 26 ఏళ్ళకు అశోకుడు వేయించిన ఐదవ స్తంభశాసనంలో చంపగూడని ప్రాణుల పట్టిక ఒకటి ఉన్నది. అందులో చిలుకలు, గోరువంకలు, చివరికి గబ్బిలాలు కూడ ఉన్నాయి, కోడి లేదు. కాని కోడిపుంజుల వృషణాలు తీయరాదని వేరుగా ఒక ఆజ్ఞ ఉన్నది. పుంజుకు ఆ పని చేసేది కొవ్వు పట్టి మాంసం మెత్తబడడానికే. అనగా కోడిని మాంసానికై మేపే విద్య ఆనాటికే రాజు దృష్టిలో పడేటంతగా వ్యాపించి ఉన్నదన్నమాట. మేక, గొర్రె, పంది పిల్లలను ఆరు నెలలు నిండేదాకా చంపరాదని కూడ అదే శాసనం చెబుతుంది. కోడిపిల్లకు ఆ దయ దక్కలేదు.

మనుస్మృతి ఐదవ అధ్యాయం ద్విజులకు ఊరకోడిని నిషేధించింది. అడవికోడి జోలికి పోలేదు. ఎందుకన్నది పెంటకుప్ప మీద కోడిని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన పెరట్లోకి వద్దాం. నాటు పెట్ట ఏడాదికి పెట్టేది యాభై అరవై గుడ్లు. వాటిలో కొన్ని పొదుగుకు పోతాయి, 21 రోజులకు పిల్లలవుతాయి. ఆ పిల్లలలో కొన్నింటిని గ్రద్దలు, మరికొన్నింటిని పిల్లులు తన్నుకుపోతాయి. మిగిలినవే ఇల్లాలి సొంత సొమ్ము. పొలం మగవాడిది, పశువులు మగవాడివి. గుడ్లమ్మిన డబ్బులు మాత్రం చాల ఇళ్ళలో ఆమె కొంగున ముడిపడేవి. కనుకనే గుడ్డుపెట్టే పెట్టకు కత్తి తగలనిచ్చేది కాదు. ముందు పోయేవి పుంజులు: ఒక మందకు ఒక పుంజు చాలును, తక్కినవి కూత నేర్చి తమలో తాము పొడుచుకోవడం మొదలుపెట్టగానే, అంటే అయిదారు నెలల వయసులో, వాటి కాలం తీరేది. అప్పటికి కిలోన్నర తూగుతాయి, మాంసం ఇంకా ముదరదు. గుడ్లు మానేసిన ముసలి పెట్ట ఆ తరువాత. దాని మాంసం నార, చారు అమృతం.

ఈ లెక్కలన్నీ తలక్రిందులు చేసేవి రెండు. ఒకటి అల్లుడు. చెప్పకుండా వచ్చిన చుట్టానికి మగవాడు మాట ఇచ్చేస్తాడు. పొదుగుకు సిద్ధమైన పెట్ట పోతుంది. రెండవది కొక్కెర తెగులు. 1920ల చివర హిమాలయ ప్రాంతపు రాణిఖేత్‌లో గుర్తించినందున మన దేశంలో దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. 1940లలో ముక్తేశ్వర్‌లో టీకా తయారైనా పల్లె పెరళ్ళకు అది అందింది తక్కువ. పక్కింట కోళ్ళు తూలుతున్నాయంటే ఈ ఇంట బాగున్నవాటినే కోసేసేవారు. నష్టనివారణే గాని, ఆ రక్తమూ ఈకలూ పెంటలో పడి తెగులును మరో వీధికి చేర్చేవి.

కోసే పద్ధతి ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. చీకటిపడితే కోడికి చూపు ఆనదు, చేతికి తేలికగా చిక్కుతుంది. గంప కింద మూసి నీళ్ళు మాత్రమే పెడితే తెల్లవారేసరికి మేతతిత్తి ఖాళీ అవుతుంది. పగలు తరిమి పట్టిన కోడి బెదిరి అలసి ఉంటుంది, మాంసమూ బిరుసెక్కుతుంది. మెడ కోశాక రక్తం పూర్తిగా కారనివ్వాలి. నీళ్ళు మరగరాదు, మరిగితే ఈకలతోపాటు తోలూ ఊడివస్తుంది. ఆపైన మంటమీద కాల్చి, పసుపు రాసి, కడిగి కోస్తారు. పిత్తాశయం చిట్లితే కారిజమంతా చేదే. కందనకాయను చీల్చి ఇసుకా పొరా తీయడం పిల్లలకు వేడుక. కోసిన మాంసం మొదట బిగుస్తుంది, కొన్ని గంటలకు గాని సడలదు. మన ఎండలకు అంతసేపు ఆగే వీలేదీ? నాటుకోడి కూరను సన్నటి సెగమీద గంటలకొద్దీ ఉడికించడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

కత్తి పట్టేదెవరన్నదానికీ చరిత్ర ఉన్నది. చాల తెలుగు ఊళ్ళలో, ముఖ్యంగా తెలంగాణలో, హిందువుల ఇళ్ళవారు కూడ కోడిని ముల్లా దగ్గరకు తీసుకువెళ్ళి కోయించుకునేవారు. అమ్మవారికి మొక్కిన కోడి సంగతి వేరు. 1950లో మద్రాసు రాష్ట్రం గుళ్ళలో జంతు, పక్షి బలులను నిషేధిస్తూ చట్టం చేసింది. కోళ్ళు గుడి గోడ దాటి పొలిమేరకు వచ్చాయి, అంతే.

1971లో వెంకటేశ్వర హాచరీస్ వచ్చాక కోడి క్రమంగా పెరడు వదిలి ఫారానికి చేరింది. ఆరు వారాలకే రెండు కిలోలు తూగే బ్రాయిలరు కూయడం నేర్వకుండానే పోతుంది. పెరటికి మళ్ళీ కోడి కావాలని హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ జాతులను తయారుచేసింది. వనరాజాకు రంగురంగుల ఈకలే ఉంచారు. తెల్లకోడి గ్రద్ద కంట ఇట్టే పడుతుంది.