నీళ్ళు చాలలేదన్న దావా

బీమా కంపెనీ అనగానే సొమ్ము ఎగ్గొడుతుందన్న అనుమానమే మనకు ముందు వస్తుంది. కాని 1783లో లండనులో బీమాదారులు చెల్లించం పొమ్మన్నందువల్లే ఒక ఘోరం కోర్టులో బయటపడింది.

1781 నవంబరు చివర. జాంగ్ అనే ఓడ ఆఫ్రికా బానిసలతో జమైకాకు పోతూ దారి తప్పింది. నీళ్ళు చాలవంటూ 130 మందికి పైగా మనుషులను సముద్రంలోకి తోసేశారు. రోగంతో చస్తే బీమా రాదు. ఓడను కాపాడడానికి పారేశామంటే 'సరుకు' నష్టం కింద వస్తుంది! లివర్‌పూల్ యజమానులు తలకు 30 పౌన్లు అడిగారు. జ్యూరీ ఇవ్వాల్సిందే అంది.

బీమాదారులు మళ్ళీ విచారణ కోరారు. జాలితో కాదు, డబ్బు కోసమే. మధ్యలో వాన కురిసిందనీ, ఆ తరువాత కూడా మనుషులను తోశారనీ తేలింది. మాన్స్‌ఫీల్డ్ ప్రభువు పునర్విచారణకు అనుమతించాడు. అది జరిగిన దాఖలా లేదు. బానిస వ్యాపారాన్ని ఎదిరించిన గ్రాన్‌విల్ షార్ప్ ఆ వాదనలన్నీ రాయించి, హత్య కేసు పెట్టమని అధికారులను కోరాడు. ఎవరూ పెట్టలేదు.